హార్మోనియంకు కరెంటు చుట్టం సింథసైజర్

అనంతపురం: జాతర పందిట్లో మైకుసెట్టు మీద పాత సినిమా పాట మోగుతుంది. పల్లవికి ముందు వయొలినూ కాని, వేణువూ కాని నాదమొకటి పొగమంచులా అలుముకుంటుంది. పాట అందరికీ నోటికి వచ్చు. ఆ వాద్యం పేరు మాత్రం చాలామందికి తెలియదు. 1980 దశకంలో మద్రాసులో రికార్డయిన తెలుగు పాటల్లో తరచు వినిపించే ఈ వాద్యమే సింథసైజర్. ఇళయరాజా పాటలకు విజీ మాన్యుయెల్, రాజ్-కోటి పాటలకు అప్పట్లో దిలీప్‌గా పిలవబడిన ఏ.ఆర్. రెహమాన్ ఇటువంటి మెట్ల వాద్యాలు వాయించినవారే.

నాటకాలకు పేరుపడ్డ ఈ సీమవారికి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. తెలుగు నాటకంలో పద్యానికీ పాటకూ పెద్దపీట వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో పుట్టారు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టారు. పద్యనాటకానికి హార్మోనియం ప్రాణం. ఆ హార్మోనియం తెలిసినవారికి సింథసైజర్ సగం తెలిసినట్టే.

అయిదు గొంతుల పెట్టె

హార్మోనియం మీద స, గ, ప మెట్లు ఒకేసారి నొక్కితే మూడు స్వరాలూ కలిసి పలుకుతాయి. నాదస్వరంలో అలా కుదరదు. ఒకసారికి ఒకే స్వరం. 1970లో అమెరికాలో వచ్చిన మినీమూగ్ సింథసైజర్ కూడా నాదస్వరం వంటిదే. పది వేళ్లతో నొక్కినా పలికేది ఒక్క స్వరమే.

ఆ కొరత తీర్చిన వాద్యాల్లో ముఖ్యమైనది ప్రాఫెట్-5. డేవ్ స్మిత్ అనే ఇంజనీరు కాలిఫోర్నియాలో దీన్ని రూపొందించి 1978లో విడుదల చేశాడు. దీనికి 61 మెట్లు. ఒకేసారి అయిదు స్వరాలు పలుకుతాయి. అంటే పెట్టెలో అయిదు గొంతులున్నాయన్న మాట. కుదుర్చుకున్న నాదాన్ని గుర్తుంచుకుని, మీట నొక్కగానే మళ్లీ పలికించడం దీని మరో విశేషం. మొదట్లో ఇలా 40 నాదాలు దాచుకునే వీలుండేది. జపాన్‌లో 1981లో వచ్చిన రోలాండ్ జూపిటర్-8కు ఎనిమిది గొంతులు.

జల్లెడ, మడవ

హార్మోనియంలో తిత్తి గాలికి రీడు అదిరి నాదం పుడుతుంది. ఇందులో తిత్తీ లేదు, రీడూ లేదు. విద్యుత్తు అదురే నాదం. పుట్టినప్పుడు అది గరగరలాడుతూ కర్ణకఠోరంగా ఉంటుంది. దాన్ని జల్లెడ పట్టాలి. మనం వేరుశనగను జల్లించి మట్టి, రాళ్లు తీసినట్టే, అందులోని ఫిల్టర్ నాదంలోని పదునైన పైస్వరాలను తీసివేస్తుంది. జల్లెడ కన్ను చిన్నదైతే నాదం మెత్తబడుతుంది, పెద్దదైతే పదునెక్కుతుంది. వాయిస్తూనే ఆ కన్నును చిన్నదీ పెద్దదీ చేయవచ్చు.

నాదం ఎలా మొదలై ఎలా ముగియాలో చెప్పేది మరో భాగం. చేలో మడవ తీసినట్టు ఒక్కసారిగా వదిలితే గుడిగంటలా ఖంగుమంటుంది. కొద్దికొద్దిగా వదిలితే దూరాన మొదలైన సన్నాయిలా మెల్లగా లేస్తుంది.

వోల్టేజీ తేడా

పంపుసెట్టు రైతుకు వోల్టేజీ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఈ వాద్యాల్లో శ్రుతిని నడిపేది కూడా వోల్టేజే. అయితే అది స్తంభం నుంచి వచ్చే కరెంటు కాదు, పెట్టెలో మలచుకున్న చిన్న వోల్టేజీ. రాబర్ట్ మూగ్ 1960 దశకంలో పాటించిన పద్ధతి ప్రకారం ఒక వోల్టు పెరిగితే నాదం ఒక స్థాయి పైకి పోతుంది. స్థాయికి 12 మెట్లు గనుక ఒక్కో మెట్టుకు వోల్టులో పన్నెండో వంతే. పెట్టె వేడెక్కి ఆ కాస్తలో కాస్త తేడా వస్తే శ్రుతి జారినట్టే. ప్రాఫెట్-5లో శ్రుతి సరిచేసుకోవడానికి ప్రత్యేకంగా ఒక మీట ఉంచారంటే బాధ ఎంతటిదో ఊహించవచ్చు.

విచిత్రమేమంటే ఆ లోపమే దాని సొగసు. భజనలో పదిమంది ఒకే కీర్తన పాడుతున్నా ఏ ఇద్దరి గొంతూ అచ్చంగా ఒకటి కాదు. అందుకే భజనకు ఆ నిండుదనం. ఈ పెట్టెలోని గొంతులూ అంతే. వెంట్రుకవాసి తేడాతో కలిసి పలికి చెవికి వెచ్చగా తగులుతాయి.

హార్మోనియం మీద గమకం పలకదన్నది పాత ఫిర్యాదు. రేడియో 1940లో దాన్ని నిషేధించింది. 1971 వరకు ఆ ఆంక్ష సడలలేదు. ప్రాఫెట్‌లో మెట్ల పక్కనున్న చక్రం తిప్పితే స్వరం వంగుతుంది. బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో జూపిటర్-8 మీద పది రాగాలు వాయించి రికార్డు విడుదల చేశాడు. ఆనాడు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 2010లో మళ్లీ వెలువడినప్పుడు విదేశీయులు సైతం వెతికి కొన్నారు.

పోయి తిరిగొచ్చింది

1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. అంకెల లెక్కతో నాదం పుట్టించే ఆ వాద్యానికి శ్రుతి జారే బెడద లేదు. పాతవాటికి గిరాకీ పడిపోయింది. ప్రాఫెట్-5 తయారీ 1984లో ఆగిపోయింది. కాని ఆ వెచ్చదనాన్ని జనం మరువలేదు. 2020లో డేవ్ స్మిత్ దాన్ని తిరిగి తయారు చేయించాడు. 2022లో ఆయన కన్నుమూశాడు.

ఇప్పుడు నాటకాల్లో, భజనల్లో చిన్న కీబోర్డులు కనిపిస్తున్నాయి. మీట నొక్కితే తాళం కూడా అదే వేస్తుంది. మోత తక్కువ, ఖర్చు తక్కువ. వద్దనడానికి లేదు. కాని అందులో హార్మోనియం నాదం ఒక బొమ్మ మాత్రమే. పద్యం చివర నటుడు రాగం సాగదీస్తే, అతని ఊపిరి కనిపెట్టి తిత్తి ఊదే చేయి అందులో లేదు.

వద్దనుకున్న యంత్రం కోసం అమెరికావారు 36 ఏళ్ల తర్వాత వెనక్కు తిరిగారు. దాన్ని చేసినవాడు బతికి ఉన్నాడు గనుక అది సాధ్యపడింది. భజన మందిరం అటక మీద హార్మోనియం తిత్తి చిరిగి పడి ఉంటే, రీడు మార్చి శ్రుతి చేసే చేతులు ఉన్నప్పుడే దించి బాగుచేయించుకోవడం మంచిది.