గుడికా, బడికా, బోరుకా? ఊరి సొమ్ముపై ఎవరి మాట?

నిజామాబాద్: ఊళ్లో నాలుగు పైసలు జమ అయితే కోరికలు పది పుడతాయి. గుడికి ప్రాకారం కావాలని ఒకరంటారు. బడికి గది కావాలని ఇంకొకరంటారు. శ్మశానానికి బాట లేదని మరొకరు గుర్తు చేస్తారు. సొమ్ము మాత్రం ఒక్క పనికే సరిపోతుంది. అప్పుడు ఎవరి మాట నెగ్గుతుంది? జిల్లాలోని చాలా ఊళ్లలో ఈ ప్రశ్నకు జవాబు పంచాయతీ కార్యాలయంలో దొరకదు. గ్రామాభివృద్ధి కమిటీ పెద్దల వద్ద దొరుకుతుంది.

అందరూ 'వీడీసీ' అని పిలిచే ఈ కమిటీని సర్కారు పెట్టలేదు. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం దానికి అధికారాలేమీ లేవు. కులానికి ఒకరిద్దరు చొప్పున పెద్దలను ఎంచుకుని ఊరివాళ్లే నడుపుకుంటున్నారు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల్లో దీని పట్టు మరీ గట్టిది. నిజామాబాద్ పట్టణంలో ఆషాఢ మాసాన ఊర పండుగ జరిపించే సర్వసమాజ్ కమిటీదీ ఇటువంటి తోవే.

సొమ్ము వచ్చే దారి

ఇంటింటి చందాలు, గల్ఫ్ దేశాల్లో ఉన్నవారు పంపే విరాళాలు కమిటీకి ఆధారం. వీటికి తోడు వేలం పాటలు. కల్లు, కోడి మాంసం వంటివి ఊళ్లో అమ్ముకునే హక్కును వేలం వేస్తారు. పాట దక్కినవాడు తప్ప మరొకరు అమ్మరాదు. మద్యం బెల్టుషాపులకూ పాట పెట్టిన ఊళ్లున్నాయి. లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం నేరం. దానికి పాట పెట్టే అధికారం ఏ కమిటీకీ లేదు.

ఇందులో మెలిక ఒకటుంది. పాట దక్కించుకున్నవాడు తాను కట్టిన సొమ్మును కిలో మీద, సీసా మీద వేసి రాబట్టుకుంటాడు. అంటే ఆ సొమ్ము కూలి చేసుకునేవాడి జేబులోంచి వచ్చిందే. ఆ ఇంటి ఇల్లాలి సంసారపు ఖర్చులోంచి తగ్గిందే. ఊరందరూ కట్టిన సొమ్ము కనుక ఖర్చులోనూ ఊరందరి మాట ఉండాలి.

కనబడే పని, కనబడని పని

కమిటీల వల్ల మేలు లేదనడం న్యాయం కాదు. బిల్లు మంజూరు కోసం ఏళ్ల తరబడి ఎదురు చూడకుండా బాటలు వేయించుకున్న ఊళ్లున్నాయి. మంచినీటి యంత్రం పెట్టించుకున్నవి, బడిలో పంతుళ్లు చాలకపోతే చదువుకున్న పిల్లలను జీతమిచ్చి పెట్టుకున్నవి కూడా ఉన్నాయి.

చిక్కు ఎంపికలోనే వస్తుంది. కట్టడం కనబడుతుంది, దానిపై దాతల పేర్లు చెక్కవచ్చు. బడిలో నెలనెలా ఇచ్చే జీతం ఎవరికీ కనబడదు. అందుకే సాధారణంగా మొదటిదే నెగ్గుతుంది. నీళ్ల బిందె మోసే ఆడవారు కమిటీ కూర్చున్నచోట కనబడటం అరుదు. వారు లేనిచోట బోరు మాట వెనక్కి పోవడంలో వింత లేదు.

ఇతరులు ఎలా ఎంచుతారు?

బోధన్, నిజామాబాద్ ముస్లిం కుటుంబాలకు తెలిసిన జకాత్‌లో ఈ చిక్కు తక్కువ. ఏడాదిపాటు నిలిచిన సొమ్ములో నూటికి రెండున్నర ఇవ్వాలి. అది ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలను ముందే నిర్ణయించారు. పేదలు, అప్పుల్లో కూరుకున్నవారు అందులో ఉన్నారు. దాత ఇష్టం ఆ హద్దు దాటరాదు. రోటరీ క్లబ్బుల అంతర్జాతీయ సంస్థ పెద్ద గ్రాంటు ఇచ్చే ముందు ఆ ప్రాంతపు అవసరాలేమిటో స్థానికులను అడిగి తెలుసుకున్నారా అని చూస్తుంది.

ఒక్క దాతనే నమ్ముకుంటే ఏమవుతుందో బోధన్ చూసింది. 1931లో నిజాంసాగర్ పూర్తయి నీళ్లు వచ్చాయి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. దాని నీడలో శక్కర్‌నగర్ వెలిసింది. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి అన్నింటికీ ఫ్యాక్టరీయే దిక్కు. ఏది కావాలో, ఏది వద్దో నిర్ణయం కూడా దానిదే. 2015 డిసెంబరులో లాకౌట్ పడింది. చెరకు రైతుకూ కార్మికుడికీ ఒక్కసారే ఆసరా పోయింది.

చందాకూ దండుగకూ తేడా

కమిటీ మాట వినని ఇంటిని వెలివేయడం ఈ పద్ధతికి పట్టిన చీడ. అడిగినంత కట్టలేదని కల్లు గీసే కుటుంబాలను వెలివేశారన్న ఫిర్యాదులు పోలీసు స్టేషన్ల దాకా వెళ్లాయి. దళితులను, గిరిజనులను సామాజికంగా గానీ ఆర్థికంగా గానీ బహిష్కరించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం నేరం. సరిహద్దు అవతల మహారాష్ట్ర 2016లో ఎవరినీ వెలివేయరాదంటూ ప్రత్యేక చట్టమే చేసింది. ఇష్టపడి ఇస్తేనే చందా. వెలికి భయపడి ఇస్తే అది దండుగ.

తీర్మానానికి ముందు

సొమ్ము ఖర్చు చేసే ముందు ఊరు అడగవలసిన ప్రశ్నలు నాలుగున్నాయి. ఇది పంచాయతీ తన నిధులతో చేయవలసిన పనా? చేయకపోతే ఎక్కువగా నష్టపోయేది ఎవరు? కట్టిన తరువాత మరమ్మతు ఎవరిది? పని చేసే కాంట్రాక్టరు కమిటీలో ఎవరికైనా చుట్టమా?

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకు ఒకసారైనా జరగాలి. కమిటీ తన పనుల జాబితాను అక్కడే చదివి, ఆడవారినీ వాడకట్టు వాడకట్టునూ అడిగితే సగం తగవులు పుట్టవు. జమ, ఖర్చు పంచాయతీ గోడ మీద రాయిస్తే మిగతా సగం తీరుతాయి. ఫలానా పాట ఎంతకు పోయిందో ఇవాళ ఊళ్లో చిన్న పిల్లవాడూ చెబుతాడు. ఆ సొమ్ము దేనికి పోయిందో కూడా అంత తేలికగా చెప్పగలగాలి.