వైద్యంలో నిర్లక్ష్యం: చట్టం రోగికి ఏమి ఇస్తుంది, డాక్టరుకు ఏమి ఇస్తుంది?



గుడివాడ నుండో అవనిగడ్డ నుండో వచ్చి, తమవారిని పోగొట్టుకొన్న కుటుంబం "కేసు షీటు మాకు ఇస్తారా?" అని అడగడానికే జంకుతుంది. జంకవద్దని మా మనవి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం, రోగి గాని రోగి తరఫువారు గాని అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. వాటిని చికిత్స మొదలైన నాటి నుండి మూడేళ్లు భద్రపరచాలి.

ఆ కాగితాల విలువ ఎంతటిదో హైదరాబాద్ కేసు ఒకటి చూపించింది. 2002 జూలైలో మలేరియా శాఖ అధికారి ఒకరు చలిజ్వరంతో ఉన్న భార్యను ఒక ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు మందులిచ్చారు. నాలుగు రోజులకు పరిస్థితి విషమించి మరో ఆసుపత్రికి మార్చగా ఆమె చనిపోయింది. రెండవ ఆసుపత్రి రికార్డుల్లో మలేరియా ఉన్నట్లు తేలింది. జిల్లా ఫోరం రెండు లక్షల పరిహారం ఇమ్మంది, పై కమిషన్లు కాదన్నాయి. చివరికి 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి వినియోగదారుల కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని కూడా చెప్పింది.

"మేము ఉచిత బెడ్డులో ఉన్నాము, మాకేమి హక్కు?" అనుకొనేవారున్నారు. కొందరి దగ్గర ఫీజు తీసుకొని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అనేక మిషను ఆసుపత్రులు ఈ కోవలోకే వస్తాయి.

ఇక రెండవ వైపు. 1995 ఫిబ్రవరిలో లూధియానాలోని క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఊపిరాడని క్యాన్సర్ రోగికి పెట్టిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీదని తేలింది. కొడుకే పక్కగది నుండి మరొకటి తెచ్చాడు. అది బిగించేలోగా ప్రాణం పోయింది. ఆ కుటుంబం బాధ మేము అర్థం చేసుకోగలము. కాని డాక్టర్లపై పెట్టిన క్రిమినల్ కేసును 2005 ఆగస్టు 5న సుప్రీంకోర్టు కొట్టివేసింది. అదే జాకబ్ మాథ్యూ కేసు. సిలిండరు లేకపోవడానికి ఆసుపత్రి సివిల్‌గా బాధ్యత వహించవలసి రావచ్చు గాని, డాక్టరును నేరస్థుడనాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలన్నది. ముందుగా మరో డాక్టరు నిష్పక్షపాత అభిప్రాయం తీసుకోవాలని, ఫిర్యాదు వచ్చిందని మామూలుగా అరెస్టు చేయకూడదని కూడా ఆదేశించింది.

ఈ రక్షణ డాక్టర్లను కాయడానికేనా? కొంత అంతే. కాని జైలు భయంతో కత్తి పట్టే సర్జన్ చేయి వణికితే నష్టపోయేది బల్లమీద పడుకొన్నవారే. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా నిర్లక్ష్యం వల్ల మరణానికి మామూలుగా ఐదేళ్ల వరకు శిక్ష పెట్టి, చికిత్సలో జరిగితే రిజిస్టర్డ్ డాక్టరుకు రెండేళ్ల వరకే పెట్టింది.

అద్దాలు పగలగొట్టడం, నర్సులపై చేయిచేసుకోవడం మాత్రం ఏ ఫిర్యాదుకూ బలం ఇవ్వవు. మన రాష్ట్ర 2008 చట్టం ప్రకారం అందుకు మూడేళ్ల వరకు జైలు, యాభై వేల వరకు జరిమానా. పైగా బెయిలు దొరకడం కష్టం.

ఫిర్యాదు చేయదలచినవారు రెండేళ్లలోగా విజయవాడలోని వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. చికిత్సకు కట్టిన సొమ్ము ఐదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. రికార్డుల కోసం ఇచ్చే అర్జీ మీద మాత్రం తేదీ వేయించుకొని, నకలు దగ్గర ఉంచుకోండి. 72 గంటల లెక్క అక్కడి నుండే మొదలవుతుంది.