మీకు తెలుసా? 25 కోట్ల లాటరీ తగిలితే చేతికొచ్చేది ఎంత?

• మన దేశంలో లాటరీని ప్రభుత్వ శాఖగా మొదట నడిపింది కేరళ. 1967లో శాఖ పెట్టి రూపాయికో టికెట్ అమ్మారు. 1968 జనవరి 26న తొలి డ్రా తీశారు. మొదటి బహుమతి 50,000 రూపాయలు. ఇప్పుడు అదే శాఖ ఓణం పండక్కి తీసే తిరువోణం బంపర్ టికెట్ ధర 500, మొదటి బహుమతి 25 కోట్లు.

• ఆ 25 కోట్లలో ముందు పోయేది ఏజెంటు కమీషన్. అది పది శాతం, అంటే రెండున్నర కోట్లు. దాన్ని బహుమతిలోంచే పట్టుకుంటారు. మిగిలిన 22.5 కోట్ల మీద 30 శాతం టీడీఎస్ పోతే ఖాతాలో పడేది 15.75 కోట్లు. లెక్క ఇక్కడితో తెగిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఆదాయం 5 కోట్లు దాటింది కాబట్టి పన్ను మీద సర్‌ఛార్జి, ఆ రెండూ కలిపిన మొత్తం మీద 4 శాతం సెస్సు పడతాయి. వీటిని గెలిచినవాళ్లే విడిగా కట్టుకోవాలి. బహుమతిని 25 కోట్లకు పెంచిన 2022లో సర్‌ఛార్జి 37 శాతం ఉండేది. ఆ లెక్కన చివరికి మిగిలేది సుమారు 12.88 కోట్లు. తర్వాత కొత్త పన్ను విధానంలో సర్‌ఛార్జిని 25 శాతానికి తగ్గించారు. దాని ప్రకారం 13.72 కోట్ల దాకా దక్కుతుంది. ఈ రెండో విడత పన్ను సంగతి డబ్బు ఇచ్చే రోజే కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇల్లూ పొలమూ కొనేశాక తెలిస్తే ఏ కుటుంబమైనా కుదేలవుతుంది.

• రోజు కూలీ గెలిచినా కోటీశ్వరుడు గెలిచినా పన్ను రేటు అదే 30 శాతం. కనీస ఆదాయ మినహాయింపు లాటరీ డబ్బుకు వర్తించదు. బీమా, పీపీఎఫ్ చూపించి తగ్గించుకోవడం కుదరదు. ఏళ్ల తరబడి కొన్న తగలని టికెట్లను ఖర్చుగా రాసుకోవడానికీ వీల్లేదు.

• కేరళలో 5,000 రూపాయల లోపు బహుమతిని లాటరీ దుకాణంలోనే తీసుకోవచ్చు. అంతకు మించితే 30 రోజుల్లోగా లాటరీ కార్యాలయంలో గానీ బ్యాంకులో గానీ టికెట్ ఇవ్వాలి. ముందు చేయాల్సిన పని, టికెట్ వెనక పేరు, చిరునామా రాసి సంతకం పెట్టడం. ఆ తర్వాత రెండు వైపులా జిరాక్సు తీయించుకోవాలి. ఫోటో, గుర్తింపు కార్డు, పాన్, రెవెన్యూ స్టాంపు అంటించిన రసీదు కూడా కావాలి. గడువు దాటి ఎవరూ అడగని బహుమతి ప్రభుత్వానిదే అవుతుంది.

• 2021లో కేరళలో ఒక చిల్లర అమ్మకందారు ఫోన్లో చెప్పిన మాట మీద ఓ టికెట్‌ను అరువుకు పక్కన పెట్టారు. దానికే 6 కోట్లు తగిలాయి. డబ్బు ఇంకా అందకపోయినా ఆమె ఆ టికెట్‌ను కొన్న మనిషికే అప్పగించారు. రావాల్సిన బాకీ 200 రూపాయలు.

• 2023లో కేరళలోని పరప్పనంగాడిలో ఇంటింటికీ తిరిగి చెత్త సేకరించే 11 మంది మహిళలు చందాలేసుకుని 250 రూపాయల టికెట్ కొన్నారు. తొమ్మిది మంది తలా 25 రూపాయలు వేస్తే, అంత లేని ఇద్దరు చెరో పన్నెండున్నర కలిపారు. వాళ్లకు తగిలింది 10 కోట్లు!

• జీఎస్టీ మండలిలో మొట్టమొదట ఓటింగుకు దారితీసింది లాటరీయే. 2019 డిసెంబరులో 28 శాతం రేటుకు 21 రాష్ట్రాలు సరేనన్నాయి, 7 కాదన్నాయి.

• ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లాటరీ టికెట్లు అమ్మడం నిషేధం. 1998 నాటి కేంద్ర చట్టం ఇతర రాష్ట్రాల టికెట్లను అడ్డుకునే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. కేరళ వెళ్లి అక్కడే కొన్న టికెట్‌కు బహుమతి వస్తే మాత్రం బయటి రాష్ట్రాలవాళ్లకూ ఇస్తారు. 2023 ఓణం బంపర్ తమిళనాడుకు, 2024ది కర్ణాటకకు వెళ్లాయి. విదేశీ లాటరీ టికెట్ కోసం ఇక్కడి నుంచి డబ్బు పంపడం విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం నిషిద్ధం. లాటరీలో గెలిచిన సొమ్మును దేశం దాటించడమూ అంతే.