సిస్టం ఊరికే ఆగిపోతోందా? ముందు ఫ్యాన్ చూడండి!

పత్తి దుమ్ము, మండే ఎండలు.. ఆదోని, ఎమ్మిగనూరు కంప్యూటర్లకు ఇవే అసలు శత్రువులు. ఎస్‌ఎంపీఎస్ వేడి సమస్యను పట్టుకోవడం నేర్చుకుంటే మీ సిస్టం నిలబడుతుంది. హార్డ్‌వేర్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో మీ జవాబూ నిలబడుతుంది.

మాక్ టెస్టు రాస్తున్నారు. 100 ప్రశ్నల్లో 62 అయిపోయాయి. 'ఈసారి కటాఫ్ దాటేస్తా' అనుకుంటుండగానే మానిటర్ నల్లబడింది. కరెంటు పోయిందా అంటే లేదు, నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. సీపీయూ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పది నిమిషాలు ఆగి నొక్కితే మామూలుగా ఆన్ అయింది. మరో అరగంటకు మళ్లీ అదే తంతు.

దగ్గర్లోని షాపుకు మోసుకెళ్తారు.

"అన్నా, సిస్టం ఉండుండి ఆఫ్ అయిపోతాంది."

"బోర్డు పోయినట్టుంది తమ్ముడూ. మార్చాల."

ఆ ఒక్కమాటతో ఇంట్లో వాళ్లు పరీక్ష ఫీజుల కోసం దాచిన డబ్బు కదిలిపోవచ్చు. తీరా చూస్తే బోర్డుకు ఏ జబ్బూ ఉండకపోవచ్చు. సీపీయూ డబ్బా వెనక మూలన ఉండే ఎస్‌ఎంపీఎస్, అంటే కరెంటు పెట్టె. దాని లోపలి చిన్న ఫ్యాన్ దుమ్ము పట్టి మొరాయించి ఉండవచ్చు. ఈ తేడా తెలిసినవాడు డబ్బు మిగుల్చుకుంటాడు. తేడా చెప్పగలిగినవాడు ఉద్యోగం తెచ్చుకుంటాడు.

మన దగ్గరే ఎందుకు ఎక్కువ?

ఆదోని పేరు చెబితే గుర్తొచ్చేది పత్తి. మార్కెట్ యార్డు, జిన్నింగ్ మిల్లులు, బండ్ల వరసలు. సీజన్‌లో గాల్లో సన్నటి నూగు తేలుతూనే ఉంటుంది. ఎమ్మిగనూరు చేనేతకు పేరున్న ఊరు. అక్కడా నూలు పోగుల నూగు మామూలే. దీనికి నల్లరేగడి దుమ్ము తోడు.

మామూలు దుమ్ము ఫ్యాన్ రెక్కల మీద పొరలా పేరుకుంటుంది. పత్తి నూగు అలా కాదు. జాలీకి చిక్కుకుని ఒకదానికొకటి అల్లుకుంటుంది. వెనకొచ్చే దుమ్మునంతా ఆ వల పట్టేస్తుంది. కొన్నాళ్లకు జాలీ మీద పలచటి దుప్పటి కప్పినట్టే. ఫ్యాన్ తిరుగుతున్నా గాలి కదలదు.

అసలు ఇబ్బంది ఏంటంటే ఈ దుప్పటి తయారయ్యేది పత్తి సీజన్‌లో. అప్పుడు చలికాలం కాబట్టి సిస్టం ఎలాగోలా నెట్టుకొస్తుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాన్ ఎంత మంచిదైనా గదిలో ఉన్న గాలినే లోపలికి పంపగలదు, దాన్ని చల్లబరచలేదు. అందుకే జనవరిలో పట్టిన దుమ్ముకు మేలో దెబ్బ తగులుతుంది. ఉద్యోగ పరీక్షల హడావిడీ సరిగ్గా అప్పుడే ఉంటుంది మరి.

పెట్టెలో వేడి ఎక్కడిది?

గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చడం ఎస్‌ఎంపీఎస్ పని. మార్చేటప్పుడు కొంత వృథా అవుతుంది. ఆ వృథానే వేడి. చిన్న లెక్క వేద్దాం. మీ సిస్టంకు 150 వాట్లు కావాలి. ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం 80 శాతం అయితే గోడ నుంచి దాదాపు 187 వాట్లు లాగుతుంది. 37 వాట్లు వేడిగా మిగులుతాయి. అదే సామర్థ్యం 70 శాతమైతే 214 వాట్లు లాగుతుంది, 64 వాట్లు వేడి. అరచేతుల్లో పట్టేంత పెట్టెలో అంత వేడి బయటికి పోవాలంటే దిక్కు ఆ ఫ్యాన్ ఒక్కటే.

వేడికి మొదట బలయ్యేవి కెపాసిటర్లు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేసే కెపాసిటర్ 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు రావాలి. రోజుకు 10 గంటల చొప్పున ఎనిమిదేళ్లు పైమాటే. దుమ్ము వల్ల అది 75 డిగ్రీలకు చేరితే 16,000 గంటలే, అంటే నాలుగేళ్లు చిల్లర. ఒక్క బ్లోయర్ క్లీనింగ్ ఎన్నేళ్లు మిగులుస్తుందో చూశారా!

లక్షణాలు ఇలా పట్టుకోండి

* ఆన్ చేయగానే గరగరమని శబ్దం వచ్చి కాసేపటికి తగ్గితే, ఫ్యాన్ బేరింగ్ అరిగిందని అర్థం.
* వెనక జాలీ దగ్గర చెయ్యి పెట్టండి. గాలి తగలకుండా పెట్టె మాత్రం కాలుతుంటే ఫ్యాన్ ఆగింది, లేదా దారి మూసుకుపోయింది.
* గేమ్, వీడియో ఎడిటింగ్ వంటి బరువు పనుల్లోనే ఆగి, చల్లారాక మళ్లీ ఆన్ అవుతుంటే వేడిని అనుమానించాలి.
* మాడు వాసన వస్తే ఇక పరీక్షలొద్దు. వెంటనే ప్లగ్గు తీసేయండి.

అయితే తొందరపడకండి. ప్రాసెసర్ వేడెక్కినా సిస్టం ఇలాగే ఆగుతుంది. బయోస్‌లో హార్డ్‌వేర్ మానిటర్ పేజీ తెరిచి ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి. అది అదుపులోనే ఉండి సిస్టం ఆగుతుంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్ వైపు వెళ్లండి. ఇంకోమాట, కొన్ని కొత్త మోడళ్లలో లోడు తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాన్ తిరగదు. వేడి పెరిగితేనే మొదలవుతుంది. అది లోపం కాదు.

ప్రాణం కంటే ఫ్యాన్ ఎక్కువ కాదు

ఇది బాగా గుర్తుంచుకోవాల్సిన విషయం. ఎస్‌ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు తీసేసినా అది వెంటనే పోదు. 'కరెంటు తీసేశాను కదా' అని స్క్రూలు విప్పి చెయ్యి పెడితే ప్రాణం మీదకు రావచ్చు. శిక్షణ తీసుకోకుండా ఆ పెట్టె మూత తెరవొద్దు. వీడియో చూసి నేర్చుకునే పని కాదిది.

మరి మీరేం చేయొచ్చు? ప్లగ్గు తీసి, సీపీయూ డబ్బాను ఆరుబయటకు తీసుకెళ్లి, బ్లోయర్‌తో జాలీ బయటి నుంచే దుమ్ము ఊదండి. ఊదేటప్పుడు రెక్కలు గిర్రున తిరగకుండా సన్నటి ప్లాస్టిక్ పుల్లతో ఆపండి. లేకపోతే బేరింగ్ దెబ్బతింటుంది. తడిగుడ్డ వద్దు. కొందరు ఫ్యాన్‌లో కొబ్బరినూనె చుక్క వేస్తారు. రెండు రోజులు శబ్దం తగ్గుతుంది, తర్వాత దుమ్ముతో కలిసి జిగురై ఇంకా బిగుసుకుంటుంది.

ఫ్యాన్ మార్చాలా, పెట్టె మార్చాలా?

మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్, కొని రెండుమూడేళ్లే అయింది, వోల్టేజీలు సరిగా వస్తున్నాయి. ఇలాంటప్పుడు తెలిసిన టెక్నీషియన్‌తో ఫ్యాన్ ఒక్కటే మార్పిస్తే చాలు. వారంటీ ఉంటే మాత్రం పెట్టె తెరిపించొద్దు, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. పాతబడిన చౌకరకం పెట్టెకు కొత్త ఫ్యాన్ వేయించడం దండగ. అప్పటికే లోపలి కెపాసిటర్లు వేడికి అలసిపోయి ఉంటాయి.

ఫ్యాన్ మార్పించేటప్పుడు ఇవి సరిచూడండి.

* సైజు: 80 లేదా 120 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపిస్తాయి. మందం సాధారణంగా 25 మిల్లీమీటర్లు.
* వోల్టేజీ, ఆంపియర్లు: పాత ఫ్యాన్ స్టిక్కర్ మీద ఉన్నవే ఉండాలి. ఎక్కువ శాతం 12 వోల్టుల డీసీ.
* గాలి పరిమాణం: శబ్దం తక్కువని నెమ్మది ఫ్యాన్ పెట్టిస్తే మళ్లీ వేడి మొదటికొస్తుంది.
* తక్కువ వోల్టేజీలో కదలడం: చాలా పెట్టెల్లో వేడిని బట్టి వేగం మారుతుంది. మొదట 5 వోల్టుల దరిదాపుల్లోనే ఫ్యాన్‌కు అందుతాయి. అప్పుడు కదలని ఫ్యాన్ పనికిరాదు.
* బేరింగ్: స్లీవ్ రకం చౌక, కానీ వేడికి త్వరగా అరుగుతుంది. మన ఎండలకు బాల్ బేరింగ్ లేదా ఫ్లూయిడ్ బేరింగ్ మేలు.
* దిశ: ఫ్రేమ్ మీద బాణం గుర్తు ఉంటే అది చూసి, పాతది ఎటు ఊదుతోందో కొత్తదీ అటే ఊదేలా బిగించాలి.

కొత్త పెట్టె కొంటుంటే 450 వాట్లు అన్న పెద్దక్షరాలు చూసి మోసపోవద్దు. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే 12ను 16తో గుణించండి, 192 వాట్లే. నేటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది ప్రధానంగా ఈ 12 వోల్టుల మీదే. అదే గడిలో 36 ఆంపియర్లు ఉంటే 432 వాట్లు, అది నిజమైన 450కి దగ్గర. '80 ప్లస్' గుర్తు ఉంటే 20, 50, 100 శాతం లోడ్ల వద్ద కనీసం 80 శాతం సామర్థ్యం పరీక్షలో తేలిందని అర్థం. లేబుల్ మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే 'బీఐఎస్ కేర్' యాప్‌లో సరిచూసుకోవచ్చు. వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉన్న మోడలైతే అది 230 మీదే ఉండాలి. 115 మీద పెట్టి ప్లగ్గు పెడితే ఢామ్మంటుంది. గ్రాఫిక్స్ కార్డు లేని చదువుల సిస్టంకు నికార్సైన 400, 450 వాట్లు చాలు.

ఇదే ప్రశ్న ఇంటర్వ్యూలో వస్తే?

'కస్టమర్ సిస్టం 20 నిమిషాలకోసారి ఆగిపోతోంది. ఏం చేస్తారు?' సర్వీస్ ఇంజినీర్ ఇంటర్వ్యూల్లో అడగదగిన ప్రశ్న ఇది. 'ఎస్‌ఎంపీఎస్ మారుస్తా సార్' అంటే మార్కులు పోయినట్టే. అడిగేవారు చూసేది మీ ఆలోచన వరస. ఇలా చెప్పి చూడండి.

"ముందు కస్టమర్‌ను అడుగుతా సార్. ఎప్పటి నుంచి, ఏ పని చేస్తుంటే ఆగుతోంది అని. తర్వాత ప్లగ్గు, ఎర్తింగ్, యూపీఎస్ చూస్తా. బయోస్‌లో ఉష్ణోగ్రత చూస్తా. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్, గాలి వేడి గమనిస్తా. మల్టీమీటర్‌తో వోల్టేజీలు కొలుస్తా. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్టుల లైను 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. అనుమానం ఉంటే మంచిదని తెలిసిన ఎస్‌ఎంపీఎస్ పెట్టి గంటసేపు నడిపి చూస్తా. సమస్య పోతేనే మార్పు గురించి కస్టమర్‌కు చెబుతా."

అడగడం, చూడటం, కొలవడం, మార్చి చూడటం, ఆ తర్వాతే డబ్బు మాట. ఈ వరస మీ నోట వస్తే పుస్తకం చదివిన మనిషి కాదు, చేత్తో పనిచేసిన మనిషి అని ఎదుటివారికి తెలిసిపోతుంది.

దారులు ఏమున్నాయి?

పదో తరగతి పాసైతే ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ అనే ఏడాది ట్రేడ్ ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ హార్డ్‌వేర్ కోర్సులు నడుపుతోంది. ఎలక్ట్రానిక్స్ సెక్టార్ స్కిల్స్ కౌన్సిల్ పరిధిలో 'ఫీల్డ్ టెక్నీషియన్ - కంప్యూటింగ్ అండ్ పెరిఫెరల్స్' అనే ఉద్యోగ ప్రమాణం ఉంది. ప్రైవేటు కంపెనీల్లో కాంప్‌టియా ఏ ప్లస్ సర్టిఫికెట్‌కు గుర్తింపు ఉంది, దానికి రెండు పరీక్షలు రాయాలి. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే స్టైపెండ్‌తో పని నేర్చుకునే అవకాశాలు వెతుక్కోవచ్చు.

డిగ్రీ చదువుతున్నవారు వీటికోసం ఆగక్కర్లేదు. మల్టీమీటర్ వాడటం నేర్చుకోండి. సెలవుల్లో ఒక సర్వీస్ షాపులో కూర్చోండి. మిల్లు కాటా దగ్గర, యార్డు కమీషన్ కొట్టులో, గ్రామ సచివాలయంలో, ఇంటర్నెట్ సెంటర్‌లో ఇప్పుడు కంప్యూటర్ లేని చోటు లేదు. దుమ్ము లేని చోటూ లేదు. సీజన్ ముగిశాక, ఎండలు ముదరకముందు, అంటే ఫిబ్రవరి, మార్చిలో క్లీనింగ్ చేసిపెడతామని అడిగి చూడండి. ఆ పని మీకు చేతి ఖర్చులు తెస్తుంది, రెజ్యూమెలో రాసుకోవడానికి నిజమైన అనుభవమూ ఇస్తుంది.

చివరగా ఒకమాట. పార్టు మార్చినప్పుడు పాతది కస్టమర్ చేతికిచ్చి ఏం పోయిందో చూపించండి. వద్దంటే చెత్తకుప్పలో వేయకుండా ఈ-వేస్ట్ సేకరించేవారికి ఇవ్వండి. ఫ్యాన్‌తో పోయేదానికి బోర్డు పోయిందని చెబితే ఆ రోజుకు డబ్బులొస్తాయి, మళ్లీ ఆ మనిషి రాడు. ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్లలో మాట ఒక వీధి నుంచి ఇంకో వీధికి పోవడానికి ఎంతోసేపు పట్టదు. 'ఆ పిల్లోడు ఉన్నదున్నట్టు చెబుతాడు' అన్న పేరు వస్తే, మీకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.