ముందే ఇచ్చిన మాట



ఈ వారం ఒక ఆటగాని అనుభవం నుండి ఒక సత్యం ధ్యానించుకుందాం. అమెరికావారు ఎంతో ఇష్టపడే ఆట బేస్‌బాల్. క్రికెట్‌లాగే బంతి, బ్యాటు ఉంటాయి గాని అందులో హిట్ సాధించడం చాలా కష్టం. పదిసార్లు ప్రయత్నించి మూడుసార్లు సాధించినవాణ్ణి గొప్ప బ్యాటరంటారు. అంటే గొప్పవాడు కూడా ఏడుసార్లు వట్టి చేతులతో తిరిగి రావలసిందే. ఆ వైఫల్యాలు వరుసగా వస్తే దాన్ని 'స్లంప్' అంటారు.

1951లో విల్లీ మేస్ 20 ఏళ్ల నల్లజాతి యువకుడు. మినియాపోలిస్ జట్టులో 35 ఆటలాడి, నూటికి 47 హిట్ల చొప్పున సాధించాడు. న్యూయార్క్ జెయింట్స్ మేనేజర్ లియో డ్యూరోషర్ అతన్ని పిలిపించాడు. "అక్కడి బౌలింగు నావల్ల కాదు" అన్నట్లు భయపడుతూనే వచ్చాడు మేస్. భయపడినట్లే జరిగింది. మొదటి 12 ప్రయత్నాల్లో ఒక్క హిట్ లేదు. 13వసారి బంతి మైదానం దాటింది, హోమ్‌ రన్! ఆ తరువాత మళ్లీ 12సార్లు ఏమీ లేదు. 25 ప్రయత్నాలకు ఒకే ఒక్క హిట్. ఆట ముగిశాక దుస్తులు మార్చుకునే గదిలో కూర్చుని ఏడ్చాడు. తనను వెనక్కి పంపేయమన్నాడు.

డ్యూరోషర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. 'రేపు కొడితే ఉంచుతాను' అనలేదు. తాను మేనేజర్‌గా ఉన్నంతకాలం సెంటర్ ఫీల్డ్ స్థానం అతనిదేనని చెప్పాడు. గమనించండి, ఈ మాట హిట్ల తరువాత వచ్చిన బహుమానం కాదు, హిట్లు లేనప్పుడే ఇచ్చిన వాగ్దానం. ఆ యేడు మేస్ 20 హోమ్‌ రన్లు కొట్టి, ఉత్తమ నూతన ఆటగాడయ్యాడు. అయితే కష్టం అంతటితో తీరిపోలేదు. అక్టోబరులో వరల్డ్ సిరీస్‌లో 22 ప్రయత్నాలకు నాలుగే హిట్లు, జట్టు ఓడిపోయింది. అయినా అతని స్థానం పోలేదు. 1954లో అతడే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు. ఆ యేడు జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది.

లూకా సువార్త 22వ అధ్యాయం తెరవండి. పేతురు బొంకబోతున్నాడని ప్రభువుకు తెలుసు. అయినా అతడు పడకముందే అతని కొరకు ప్రార్థించాడు. తిరిగి వచ్చాక సహోదరులను స్థిరపరచమని పని కూడా ముందే అప్పగించాడు. కోడి కూసిన రాత్రి పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడు గాని, అతని స్థానం అప్పటికే భద్రం.

ప్రియ చదువరీ, పరీక్ష తప్పావా? వ్యాపారం దెబ్బతిన్నదా? ప్రార్థించినా హృదయం ఎండిపోయినట్టుందా? రేపే జయం వస్తుందని నేను చెప్పలేను. కాని నీ జయాన్నిబట్టి దేవుడు నిన్ను ప్రేమించలేదు, నీ అపజయాన్నిబట్టి విడువడు. తలిదండ్రులారా, ఫలితాలు రాకముందే మీ బిడ్డతో 'మార్కులు ఎన్నైనా నువ్వు మా బిడ్డవే' అనండి. ఆ మాట ఈ రాత్రే చెప్పండి.

డ్యూరోషర్ తాను మేనేజర్‌గా ఉన్నంతకాలం అన్నాడు. 1955 తరువాత అతడు ఆ జట్టులో లేడు. మనుష్యుని మాటకు అంతే గడువు. మన ప్రధానయాజకుడైతే నిరంతరము జీవించుచున్నాడు. ఆయన మాటకు గడువు లేదు.

ప్రార్థన: ప్రభువా, ఓడిన దినమున కూడా మేము నీవారమేనని నమ్మే కృప దయచేయుము. ఆమేన్.