మొక్కల దీపము చెడినప్పుడు ఏ బల్బు కొనవలెను?

ఇంటి గదిలో అరలు కట్టి, వాటిపై దీపములు వ్రేలాడదీసి, మిరప, టమాట, వంగ నారును ట్రేలలో పెంచువారును, మెంతి, కొత్తిమీర లేతకూరలను పెంచి అమ్ముకొనువారును మన కొండగట్టు ప్రాంతమున ఇప్పుడు అక్కడక్కడ కనబడుచున్నారు. దీపము బాగుగా వెలుగుచున్నంతకాలము చిక్కు లేదు. అది ఆరిపోయిననాడు, లేక నారు పాలిపోయి, సన్నని కాడలతో పైకి సాగి ఒరిగిపోవుచున్ననాడు, దాని స్థానమున ఏది కొనవలెనను ప్రశ్న పుట్టును. జగిత్యాల అంగడిలో అడిగినచో మామూలు తెల్ల బల్బు నిత్తురు. చేతిఫోనులో వెదకినచో ఊదారంగు వెలుగునిచ్చు దానిని చూపి, ఇదియే మొక్కల బల్బు అని చెప్పి దానికి అనేక రెట్లు వెల కట్టుదురు. ఆలస్యమైనచో ఒక విడత నారు చెడును. తొందరపడి పనికిరానిది కొన్నచో నారుతోపాటు డబ్బును చెడును.

దీపము కొనువాడు మొదట మూడు కొలతల భేదము నెఱుగవలెను. వాటు అనునది దీపము ఎంత కరెంటు తినునో చెప్పును గాని ఎంత వెలుగిచ్చునో చెప్పదు. ల్యూమెన్ అనునది వెలుగు కొలతయే. అయితే అది మనుష్యుని కంటికి కనబడు వెలుగు. మన కన్ను ఆకుపచ్చ కాంతిని ఎక్కువగాను, ఎఱుపు, నీలములను తక్కువగాను చూచును. మొక్క అట్లు కాదు. 400 మొదలు 700 నానోమీటర్ల వఱకు గల కాంతినంతయు, అనగా నీలము మొదలు ఎఱుపు వఱకు, ఆకు వాడుకొనును. ఆ కాంతిని లెక్కించు కొలతను మైక్రోమోలు అందురు. మామూలు ఇంటి బల్బు పెట్టెపై ఇది సాధారణముగా ఉండదు. తెల్లని ఎల్.ఇ.డి. దీపముల విషయమున మాత్రము ల్యూమెన్‌లను 70చే భాగించినచో ఇంచుమించు మైక్రోమోలుల లెక్క వచ్చును. కావున ఒక తెల్ల దీపమును మఱియొక తెల్ల దీపముతో పోల్చుటకు ల్యూమెన్ చాలును. తెల్లదానిని ఊదాదానితో పోల్చుటకు అది పనికిరాదు.

ఊదారంగు మాట యెట్లు వచ్చినదో చెప్పెదను. ఆకులోని పత్రహరితమును వేరుచేసి పరీక్షించినచో అది ఎఱుపును నీలమును ఎక్కువగా పీల్చును. అందుచేత ఆ రెండు రంగుల దీపములు చాలునని కొందఱు తలచిరి. కాని సంపూర్ణమైన ఆకు సంగతి వేరు. 1972లో మెక్‌క్రీ యను శాస్త్రజ్ఞుడు 22 జాతుల పైర్ల ఆకులపై పరీక్షలు జరిపి, ఆకుపచ్చ కాంతియు ఆహారము తయారుచేయుటకు చాలవఱకు ఉపయోగపడునని చూపెను. నేడు మన ఇండ్లలోని తెల్ల ఎల్.ఇ.డి. బల్బు నిజమునకు నీలపు దీపమే. దానిపై పూసిన పసుపువన్నె పూత ఆ నీలమునందు కొంత భాగమును ఆకుపచ్చ, పసుపు, ఎఱుపులుగా మార్చును. ఆ నీలపు దీపమును కనుగొన్న, జపానులో పుట్టిన శాస్త్రజ్ఞులు ముగ్గురికి 2014లో నోబెల్ బహుమానము లభించినది. కాబట్టి తెల్లదానిలో మొక్కకు కావలసిన రంగులన్నియు నున్నవి. మీరు నాటుకొను గ్రాండ్ నైన్ అరటి పిలకలు కణజాల పద్ధతిలో పుట్టినవే గదా. అట్టి ప్రయోగశాలలలో దశాబ్దములపాటు సీసాలలోని మొక్కలను దినమునకు 16 గంటలు మామూలు తెల్ల ట్యూబులైట్ల క్రిందనే పెంచిరి.

ఊదారంగుతో మఱియొక చిక్కు కలదు. ఆ వెలుగులో ఆకు నల్లగా కనబడును. పసుపుబాఱినదో, మచ్చ పడినదో, పేను పట్టినదో కన్ను పోల్చుకొనజాలదు. దినమునకు రెండుమాఱులు నారును చూచు రైతునకు ఈ యొక్క దోషమే చాలును.

అయినను మొక్కల దీపములన్నియు మోసమని నా యభిప్రాయము కాదు. వాటు ఒక్కింటికి 100 ల్యూమెన్‌లిచ్చు తెల్ల దీపము సుమారు 1.4 మైక్రోమోలులిచ్చును. మంచి మొక్కల దీపము 2 కంటె ఎక్కువ, కొన్ని 2.5 వఱకు నిచ్చును. పది ఇరువది అరలు ఏడాది పొడవున నడుపువానికి ఆ భేదము కరెంటు బిల్లులో తేలును. కాని ఆ యంకె పెట్టెపై వ్రాసియుండవలెను. అంకె లేక బొమ్మలు మాత్రమే యున్న దీపమునకు ఎక్కువ వెల ఈయవలదు. ఒకటి రెండు అరలవారికి తెల్ల ట్యూబులే మేలు. 2015 జనవరి 5న ఉజాలా పథకము ఆరంభమైన పిమ్మట ఎల్.ఇ.డి. దీపముల వెల ఎంతయో తగ్గినది. నక్షత్రముల చీటీ చూచి కొనుడు. ఆ నక్షత్రములు వాటుకు వచ్చు వెలుగును బట్టియే ఇయ్యబడును. నారునకు 4000 మొదలు 6500 వఱకు కెల్విన్ అని వ్రాసియున్న తెల్లనిది తగును. 2700, 3000 అని యున్న పసుపువన్నె దీపములో నీలము తక్కువ. దానిక్రింద కాడ సాగుటకు వీలెక్కువ.

ఇక లెక్క చూతము. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల అరపై 98 గుంతల ట్రేలు నాలుగు పట్టును, అనగా 392 మొక్కలు. దానిపై 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు నాలుగు కట్టితిమనుకొందము. ఒక్కొక్కటి 2000 ల్యూమెన్‌లిచ్చినచో మొత్తము 8000. ఇందులో మూడవవంతు ప్రక్కలకు పోయినను ఆకులపై సుమారు 7,000 లక్సులు పడును. లేత నారునకు ఇది సరిపోవును. రెండే ట్యూబులు కట్టినచో చాలదు, నారు సాగును. అదే వెలుగు పాతకాలపు తీగబల్బులతో రావలెనన్న 600 వాట్లు కావలెను, పైగా ఆ వేడికి నారు వాడును. నాలుగు ట్యూబులు 16 గంటలు వెలిగినచో దినమునకు 1.28 యూనిట్లు, 30 దినములకు 38 యూనిట్లపైన. యూనిట్టు 5 రూపాయలని లెక్కించినచో 192 రూపాయలు. మొక్క ఒక్కింటికి సుమారు అర్ధరూపాయి.

ఇది చిన్న సంఖ్యవలె తోచును. కాని మిరపను 60 సెంటీమీటర్ల ఎడముతో నాటినచో ఎకరమునకు సుమారు 11,000 మొక్కలు కావలెను. అనగా 28 అరలు, 112 ట్యూబులు, నెలకు 5,376 రూపాయల కరెంటు! మధ్యాహ్నపు ఎండ 1,00,000 లక్సులు. మబ్బు పట్టిన పగలు సైతము ఆరుబయట సాధారణముగా 10,000 లక్సులకు తగ్గదు. మన దీపము క్రింద నున్నది 7,000 మాత్రమే. వానకాలపు మబ్బునకు జడిసి నారును బయటినుండి గదిలోనికి తెచ్చువారు ఎక్కువ వెలుగునుండి తక్కువ వెలుగునకు తెచ్చుచున్నారన్నమాట. వానదెబ్బ తగులకుండ పైన పారదర్శకమైన కప్పు వేసికొనుట మంచిది. గది మాత్రము వలదు. ఎకరముల లెక్కన నాటు నారునకు దీపము మాట మఱచి షేడ్‌నెట్టు క్రిందనే పెంచుకొనుడు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థలో శనగ మున్నగు పైర్లను ఎక్కువ గంటలు దీపముల క్రింద నుంచి ఏడాదిలో అనేక తరములు తీయుచున్నారని విని కొందఱు ఆశపడుదురు. అచ్చట వారు సంపాదించుచున్నది కాలము, పంట కాదు. క్రొత్త వంగడము కొన్నియేండ్లు ముందుగా వచ్చినచో ఆ వెచ్చము గిట్టును. బస్తాల లెక్కన అమ్ముకొను గింజకు గిట్టదు.

వాట్ల విషయమున జరుగు మోసమును మీటరే పట్టియిచ్చును. కొన్ని దీపములపై 1000 వాట్లు అని పెద్ద యక్షరములతో నుండును; నిజముగా తినునది నూఱు వాట్లకు మించదు. ఇంటిలోని తక్కిన స్విచ్చులన్నియు కట్టివేసి, ఆ దీప మొక్కటి వెలిగించి, మీటరుపై ఎఱ్ఱని చుక్క ఎన్నిమాఱులు మినుకుమనునో పది నిమిషములు లెక్కించుడు. యూనిట్టుకు ఎన్ని మినుకులో మీటరుపైననే వ్రాసియుండును. అది 3200 అయినచో, 100 వాట్ల దీపమునకు పది నిమిషములలో 53 మినుకులు వచ్చును. నిజమైన 1000 వాట్లకు 533 రావలెను. తిరిగి ఇచ్చివేయు గడువులోపల ఈ పరీక్ష చేయుడు.

మీటరు మాట వచ్చినది గనుక మఱియొకటి చెప్పవలెను. మన రాష్ట్రమున వ్యవసాయమునకు ఇచ్చుచున్న ఉచిత విద్యుత్తు పంపుసెట్టు కొఱకే. మోటారు లైనునుండి తీగ లాగి దీపపు గదికి వాడరాదు. నారు అమ్ముకొనువారు తమ కనెక్షను ఏ కేటగిరీలో నుండవలెనో ముందుగా అడిగి తెలిసికొనుట క్షేమము. సిరిసిల్ల వైపువారు, 1970లో పని ప్రారంభించిన తమ విద్యుత్ సహకార సంఘపు కార్యాలయములోను, జగిత్యాల, కోరుట్ల వైపువారు ఉత్తర మండల విద్యుత్ సంస్థ కార్యాలయములోను విచారింపవచ్చును.

బల్బు ఎంత మంచిదైనను హోల్డరులో పట్టనిచో వ్యర్థము. మన ఇండ్లలోని హోల్డరు రెండు మేకుల పిన్ను రకము. మొక్కల దీపములు పెక్కు మరతిప్పు రకము. పాత బల్బును చేతితో పట్టుకొనిపోయి సరిచూచుకొనుడు. మార్చు పావు దొరకును గాని, బరువైన దీపమునకు అది వదులై వేడెక్కును. పాత ట్యూబులైటు పట్టీలో ఎల్.ఇ.డి. ట్యూబు వేయువారు మిక్కిలి జాగ్రత్తగా నుండవలెను. కొన్ని ట్యూబులు పాత చోకుతోనే పనిచేయును, స్టార్టరు మాత్రము మార్చవలెను. కొన్నింటికి చోకు తీసివేసి తీగలు నేరుగా కలుపవలెను. కొన్నింటికి కరెంటు ఒక కొననుండియే ఈయవలెను; ఇట్టిదానికి తప్పుగా కలిపినచో షార్టగును. ట్యూబుతో వచ్చు కాగితమును మిస్త్రీకి చూపి, మెయిను కట్టివేసి పని చేయించుడు. నారుగదిలో నీళ్లు చల్లుదుము, నేల తడిగా నుండును. ఎర్తింగు, షాకు కొట్టినంతనే లైను తెంపు స్విచ్చు లేక ఆ గదిలో దీపము వేయనేకూడదు.

దూరము సంగతి బల్బు సంగతికంటె తక్కువది కాదు. ఒంటి బల్బును అడుగు ఎత్తునుండి రెండడుగుల ఎత్తునకు జరిపినచో ఆకుపై పడు వెలుగు నాలుగవ వంతునకు దిగును. కావున క్రొత్తది కొనుటకు ముందు పాతదానిని క్రిందికి దింపి చూడుడు. ఎల్.ఇ.డి. ట్యూబులను నారు కొనలకు ఆరంగుళములు మొదలు అడుగు ఎత్తున కట్టవచ్చును. ఆకుల ఎత్తున చేతివెనుక భాగము పెట్టినప్పుడు వేడి తగులరాదు. దీపముపైన తెల్లరంగు వేసిన రేకు మూతవలె పెట్టుట మంచిది. దీపమును కుంచము క్రింద పెట్టరాదని మిషను బడిలో మాకు నేర్పిరి; ఇచ్చట కుంచము క్రిందనే పెట్టవలెను, మొక్కను గూడ దానితోపాటే.

గంటలు 14 మొదలు 16 చాలును. రాత్రింబవళ్లు వెలిగించినచో రెట్టింపు పెరుగునని తలపరాదు. ఎడతెగని వెలుగులో టమాట ఆకులు పాలిపోవును. చామంతి కుండీలను ఈ యరలపై పెట్టినచో ఆకు పెరుగును గాని పూవు రాదు, ఏలయన చామంతికి మొగ్గ తొడుగుటకు దీర్ఘమైన చీకటి కావలెను. పొద్దు పొడవును బట్టి మొక్క పూయునను సంగతిని 1920లో గార్నర్, అల్లార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. బతుకమ్మ నాటికి చామంతి పూయవలెనని కోరువారు దానిని వీధిదీపమునకు సైతము దూరముగా నుంచుడు. ఆంజనేయస్వామి ఆకుపూజకై తమలపాకు తీగను ఇంటిలో పెంచవచ్చునా యని అడుగువారికి: అది నీడనోర్చు తీగ, కిటికీ ప్రక్కన ఒక తెల్ల బల్బుతో ఇంటి వాడుకకు బ్రతుకును, అమ్ముకొనుటకు ఆకు చాలదు. తులసి అట్లు కాదు, దానికి ఎండయే కావలెను.

దీపము వెలుగుచున్నది గదా యని మార్చకుండుట కూడదు. పాత ట్యూబులైటు కొనలు నల్లబడినప్పటికే దాని వెలుగు చాల తగ్గియుండును. ఎల్.ఇ.డి. యును ఏండ్లు గడచినకొలది మెల్లగా మసకబాఱును. కన్ను ఆ మార్పునకు అలవాటుపడి గుర్తింపదు. అందుచేత బిగించిననాడే ట్యూబు కొనపై తేదీ వ్రాసి, ఫోనులోని లక్సు కొలతతో ఆకుల ఎత్తున అంకె తీసి గోడపై గుర్తు పెట్టుకొనుడు. అదే ఫోనుతో, అదే చోట ఆరునెలలకొకమాఱు చూచినచో ఆ యంకె పోల్చుటకు పనికివచ్చును. మూడవవంతు తగ్గినప్పుడు, ముందు దీపము నార్పి పొడిగుడ్డతో దుమ్ము తుడిచి మఱల చూచి, అప్పటికిని తక్కువగానే యున్నచో మార్చుడు.

తీసివేసిన పాత ట్యూబులైట్లలోను, సి.ఎఫ్.ఎల్. బల్బులలోను కొద్దిగా పాదరస ముండును. వాటిని పెంటకుప్పలోగాని బావిగట్టునగాని పాఱవేయరాదు. అట్టిది గదిలో పగిలినచో తలుపులు తెఱచి పిల్లలను బయటికి పంపి, చీపురుతో ఊడ్వక, గట్టి అట్టముక్కతో పెంకులనెత్తి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డతో సహా మూతగల డబ్బాలో నుంచుడు. డబ్బాను పురపాలక సంఘమువారి ఎలక్ట్రానిక్ వ్యర్థముల సేకరణకుగాని, పాత దీపములు తిరిగి తీసికొను దుకాణమునకుగాని ఒప్పగింపవలెను.