గాలి గిట్టని ప్రాణులు

ప్రాణవాయువు అందకపోతే మనం నిమిషాల మీద ప్రాణం వదులుతాం. అందుకే దానికా పేరు. మరి ఆ ప్రాణవాయువు తగిలితేనే చచ్చే జీవులున్నాయంటే నమ్ముతారా?

1861లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ ఒక ద్రవపు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. చుక్క నడుమ ఉన్న సూక్ష్మజీవులు చురుకుగా తిరుగుతున్నాయి. గాలి తగిలే అంచున ఉన్నవి కదలకుండా పడివున్నాయి. గాలి లేకుండానే బతికే జీవం ఉందని అలా తెలిసింది.

విద్యార్థిగా ఉన్నప్పుడు నేనీ తేడాను పరీక్షనాళికలో కళ్లారా చూశాను. అడుగుకు పోయేకొద్దీ గాలి అందకుండా తయారుచేసిన ఆహారద్రవంలో సూక్ష్మజీవులను వేసి ఉంచుతారు. ద్రవం ఎక్కడ మబ్బు కడితే అక్కడ వాటి కాపురమన్నమాట. గాలి తప్పనిసరి అయినవి పైన పేరుకుంటాయి. క్షయ క్రిమి ఈ తెగదే. అది ఊపిరితిత్తులను పట్టుకోవడం ఊరికే కాదు. గాలి గిట్టనివి అడుగున చేరతాయి. మన పేగుల్లో ఉండే ఇ. కోలై వంటివి గాలి ఉన్నా లేకున్నా బతకగలవు గనుక నాళిక అంతటా ఉంటాయి. అయినా పైనే జాస్తి. పాలను తోడుపెట్టేవి గాలిని వాడుకోవు, అలాగని దానికి జడవవు.

ఎందుకీ తేడా? ప్రాణవాయువు జీవకణంలోకి పోయినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి విషాలు పుడతాయి. వాటిని విరిచే ఎంజైములు మనకున్నాయి. గాయం మీద ఆ ద్రవం పోస్తే బుస్సున నురగ వస్తుంది గదా! మన రక్తంలోని కెటలేజ్ అనే ఎంజైము దాన్ని నీరుగా, ప్రాణవాయువుగా విడగొట్టడమే అది. గాలి గిట్టని జీవులకు ఇలాంటి రక్షణ లేదు, ఉన్నా చాలదు.

ఇదంతా ప్రయోగశాలల గొడవ అనుకోకండి. ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి ఈ గాలి గిట్టని తెగదే. మట్టిలో, పేడలో విత్తనం వంటి గట్టి రూపంలో ఏళ్ల తరబడి పడివుంటుంది. మేకు గుచ్చుకుంటే గాయం పైకి చిన్నదే; లోతున చచ్చిన కండలో గాలి ఆడదు. అక్కడ మొలకెత్తి విషం వదులుతుంది. దోషం మేకు తుప్పుది కాదు, దాన్ని అంటుకున్న మట్టిది. 1889లో జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో ఈ క్రిమిని విడిగా పెంచగలిగాడంటే, గాలిని తొలగించి ఉదజని నింపడం వల్లనే.

అందుచేత తల్లులకు నా మనవి. పిల్లవాడికి మేకు గుచ్చుకుంటే కాఫీపొడో పసుపో అద్ది, గుడ్డ బిగించి ఊరుకోకండి. ధారగా నీళ్లు పోసి సబ్బుతో కడిగి, వెంటనే డాక్టరుకు చూపించండి. టీకా ఎప్పుడు వేయించారో రాసి ఉంచుకోండి.

ఒకప్పుడు మురికి కత్తితో బొడ్డు కోసినందువల్ల ఎందరో పురిటికందులు ఈ జబ్బుతో పోయేవారు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన పురుళ్లు వచ్చాక రోజులు మారాయి. తల్లులకు, పురిటిబిడ్డలకు వచ్చే ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా 2015లో మనకు గుర్తింపు వచ్చింది. అయితే మట్టిలో ఆ విత్తనాలు నేటికీ అలాగే ఉన్నాయి. మనం టీకా మరిచే రోజు కోసం అవి ఎన్నేళ్లయినా కాచుకొని ఉండగలవు.